ఆసనాలు వచ్చాయి, మరి యోగం సంగతేంటి? కొత్తవాళ్ళు యోగ తత్వాన్ని ఏ వరసలో పట్టుకోవాలి

మా అపార్ట్‌మెంట్‌లో పొద్దున బ్యాచ్‌లో చేరిన ఒకావిడ మొన్న అడిగారు, "మూడు నెలల నించీ ఆసనాలు చేస్తున్నానండీ, నడుం పట్టేయడం తగ్గింది, బానే ఉంది, కానీ దీని వెనక ఏదో పెద్ద విషయం ఉందంటారు కదా, అదేంటో చూద్దామని పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే చిత్తం, వృత్తి, పురుషుడు, ప్రకృతి అని వచ్చేశాయి, మూసేశాను" అని. లిఫ్ట్ దగ్గర నిలబడి ఏదో చెప్పాను కానీ అది సరిపోలేదు, ఇంటికొచ్చాక కూడా అదే బుర్రలో తిరిగింది, అందుకే కూర్చుని వరసగా రాస్తున్నా.

ఒక మాట ముందే చెప్తా. దీన్ని ఒక్కసారిగా చదివేసి అయిపోయిందనుకోకండి, ఒక్కో అడుగుకి కనీసం వారం పెట్టుకోండి, నాలుగో అడుగుకైతే నెలలు పడుతుంది. యోగశాస్త్రం ముందు అంతా చదివేసి తర్వాత ఆచరిద్దాం అనుకుంటే అస్సలు లోపలికి వెళ్ళదు, ఒక సూత్రం తీసుకుని మన రోజుకి ఆనించి చూస్తే మాత్రం చాలా తేలిగ్గా అర్థమవుతుంది, నేను చెప్పదల్చుకుంది మొత్తం ఇదే.

అడుగు 1: ముందు ఆ మాట సంగతి తేల్చుకోండి

యోగం అనే మాట మనకి కొత్తది కాదు. "వాడికి రాజయోగం పట్టిందిరా" అంటాం, "అన్నీ ఉన్నా అనుభవించే యోగం లేదు" అంటాం, పంచాంగంలో తిథి, వారం, నక్షత్రం, కరణంతో పాటు యోగం కూడా ఉంటుంది, పాత ఉత్తరాల్లో "మీ యోగక్షేమాలు తెలుపగలరు" అని రాసేవాళ్ళు. యోగక్షేమాలు అన్నదాంట్లో లేనిది దొరకడం యోగం, దొరికింది నిలబడటం క్షేమం. అదే మాటని 'యోగా' అని దీర్ఘం తీసి పలికామంటే చాలు మనసులోకి మ్యాటూ, ఒళ్ళు వంచడమూ వచ్చేస్తాయి.

సంస్కృతంలో యుజ్ ధాతువుకి రెండర్థాలున్నాయి, ఒకటి కలపడం, రెండోది సమాధి, అంటే మనసు ఒకచోట కుదురుకోవడం. చాలా క్లాసుల్లో మొదటిరోజే "జీవాత్మ పరమాత్మల కలయికే యోగం" అని చెప్పేస్తారు. వేదాంతం వైపు నించి చూస్తే అది సరైన మాటే. కానీ యోగశాస్త్రానికి మూలగ్రంథమైన పతంజలి యోగసూత్రాలు చదవాలనుకుంటే ఆ అర్థం పట్టుకుని వెళ్తే దారి తప్పుతారు, ఎందుకంటే సూత్రాల మీద ఉన్న పాత వ్యాఖ్యానం, వ్యాసభాష్యం, మొదటి సూత్రం దగ్గరే "యోగః సమాధిః" అని తేల్చేసింది. నిజానికి పతంజలి దగ్గర పని కలపడం కూడా కాదు, కలిసిపోయినవాటిని విడదీసి చూసుకోవడం, చూసేవాడు వేరు, వాడికి కనపడేది వేరు అని. ఈ ఒక్క తేడా మొదట్లో ఎవరైనా చెప్పుంటే నాకు రెండేళ్ళు కలిసొచ్చేవి.

ఈ వారం పని ఒకటే: యోగం అంటే మీరిప్పుడు ఏమనుకుంటున్నారో నాలుగు లైన్లు రాసి దాచుకోండి.

అడుగు 2: 195లో ముందు 4 సూత్రాలు చాలు

పతంజలి సూత్రాలు మొత్తం 195, కొన్ని ప్రతుల్లో 196 లెక్క వస్తుంది. సమాధి, సాధన, విభూతి, కైవల్య అని నాలుగు పాదాలు. భయపడకండి, మొదటి నాలుగు సూత్రాల్లోనే విషయం మొత్తం ఉంది.

"అథ యోగానుశాసనమ్", ఇక యోగం గురించిన ఉపదేశం మొదలు. "యోగశ్చిత్తవృత్తినిరోధః", చిత్తంలో, అంటే మనసులో, లేచే వృత్తులు, అంటే ఆలోచనల కదలికలు, నిలిచిపోవడమే యోగం. "తదా ద్రష్టుః స్వరూపేఽవస్థానమ్", అప్పుడు చూసేవాడు తన సొంత రూపంలో ఉంటాడు. "వృత్తిసారూప్యమితరత్ర", మిగతా టైమంతా ఆ వృత్తి ఎలా ఉంటే వాడూ అలాగే ఉంటాడు.

నాలుగోది అర్థమవడానికి మన తెలుగే సాయం చేస్తుంది, గమనించారా? మనం "నాకు కోపం వచ్చింది" అంటాం, "భయమేసింది", "నిద్రొస్తోంది", "ఆకలేస్తోంది" అంటాం. కోపం ఎక్కడినించో వచ్చింది, కాసేపుండి పోతుంది, నేను మాత్రం ఇక్కడే ఉన్నాను, వాక్యంలోనే 'నేను' వేరు, 'కోపం' వేరు. మన వ్యాకరణంలో ఇంత చక్కగా విడిగా ఉన్నా, ఆ క్షణంలో మాత్రం మనం కోపమే అయిపోతాం, వచ్చిన కోపానికీ దాన్ని చూసే నాకూ మధ్య వెంట్రుకంత సందు కూడా ఉండదు. వృత్తిసారూప్యం అంటే అదే. ఆ సందు మళ్ళీ తెచ్చుకోవడం కోసమే మిగతా 191 సూత్రాలూ.

ఇక వృత్తులు ఐదు రకాలన్నాడు: ప్రమాణం, విపర్యయం, వికల్పం, నిద్ర, స్మృతి. వీటిని బట్టీ పెట్టొద్దు, ఒక ఉదాహరణ చూడండి. చెల్లెలికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు, చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, రిప్లై రాలేదు. చూసింది, జవాబివ్వలేదు, ఇంతవరకే మీకు తెలిసింది, అది ప్రమాణం. "నా మీద కోపమొచ్చింది" అనుకున్నారు, నిజానికి ఆవిడ బస్సెక్కే హడావిడిలో ఉంది, ఉన్నదాన్ని ఇంకోలా తెలుసుకోవడం విపర్యయం. "పోయిన సంక్రాంతికి కూడా ఇలాగే చేసింది", ఇది స్మృతి. "రేపు ఫోన్ చేసి ఇలా అడుగుతా, తను అలా అంటుంది, అప్పుడు నేను గట్టిగా ఇచ్చేస్తా", ఆ సంభాషణ ఎక్కడా జరగలేదు, జరగబోదు కూడా, వస్తువు లేకుండా ఉత్త మాటల మీద నడిచేది వికల్పం. చివరికి విసిగిపోయి పడుకున్నారు, అది నిద్ర. నిద్రని కూడా వృత్తి అని ఎందుకన్నారంటే, పొద్దున లేచి "హాయిగా నిద్రపట్టింది" అని చెప్పగలుగుతున్నాం కదా, అంటే అప్పుడు కూడా చిత్తం ఏదో పట్టుకునే ఉంది.

నేను చేసిన పనే మీకూ చెప్తా. ఒక నోట్‌బుక్ తీసుకోండి, ఏడు రోజులు, రాత్రి పడుకునేముందు ఆ రోజు మనసు బాగా లాగిన మూడు సంగతులు రాయండి, పక్కన అది ఏ వృత్తో పేరు పెట్టండి. తీర్పులొద్దు, మంచీ చెడూ రాయొద్దు, ఉత్త పేరు చాలు. నాకైతే మొదటి వారంలో ముప్పాతికవంతు వికల్పమే వచ్చింది, ఎవరితోనో ఒకరితో మనసులోనే వాదిస్తూ గడిపేస్తున్నానని అప్పుడే తెలిసింది, చాలా బాధేసింది కూడా.

నిరోధం అంటే ఆలోచనల్ని బలవంతంగా నొక్కిపెట్టడం అని మాత్రం అనుకోకండి, దాంతో తలనొప్పి తప్ప ఏం రాదు. పద్ధతి ఏంటో పతంజలే చెప్పాడు, అభ్యాసం, వైరాగ్యం, ఈ రెండూ కలిసి. గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు "కృష్ణా, మనసు చంచలం, గాలిని పట్టుకోవడమంత కష్టం" అని మొరపెట్టుకుంటే కృష్ణుడు చెప్పిన మందు కూడా సరిగ్గా ఇవే రెండు మాటలు. అభ్యాసానికి పతంజలి మూడు షరతులు పెట్టాడు: చాలాకాలం చెయ్యాలి, మధ్యలో తెంపకుండా చెయ్యాలి, ఆదరంతో చెయ్యాలి. ఆ మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. ముక్కుతూ మూలుగుతూ చేసే గంటకన్నా ఇష్టంగా చేసే పది నిమిషాలు మేలు అని నా అనుభవం.

అడుగు 3: సాంఖ్యం, కొంచెమే

యోగసూత్రాల కింద ఉన్న పునాది సాంఖ్య దర్శనం. ఇందులో తత్వాలు 25. ఒకవైపు పురుషుడు, అంటే మగవాడని కాదు, చూసే చైతన్యం. రెండోవైపు ప్రకృతి, అందులోంచి బుద్ధి, అహంకారం, మనసు, ఐదు జ్ఞానేంద్రియాలు, ఐదు కర్మేంద్రియాలు, ఐదు తన్మాత్రలు (శబ్దం, స్పర్శ లాంటి వాటి సూక్ష్మరూపాలు), పంచభూతాలు. కొత్తవాళ్ళు ఆశ్చర్యపోయే విషయం ఏంటంటే మన బుద్ధీ, మనసూ కూడా ప్రకృతి వైపే ఉన్నాయి, అంటే కనపడే సామాన్లలో అవీ భాగమే, చూసేవాడు కాదు. ఇది ఒంటబడితే మిగతా అంతా సులువు. సత్వం, రజస్సు, తమస్సు అనే మూడు గుణాల గురించి గీత 14వ అధ్యాయం చదవండి చాలు.

"మాకు దేవుడి మీద నమ్మకం లేదండీ, మేం చేయొచ్చా" అని కుర్రాళ్ళు, "మా మతం వేరు, పర్లేదా" అని ఇంకొందరు అడుగుతుంటారు. పతంజలి ఈశ్వరప్రణిధానం, అంటే ఈశ్వరుడికి మనని అప్పగించుకోవడం, గురించి చెప్పేటప్పుడు "వా" అన్నాడు, "లేదా ఇలాగైనా" అని. సమాధికి అదొక దారి. తర్వాత నియమాల్లో మళ్ళీ వస్తుంది కాబట్టి పూర్తిగా పక్కన పెట్టేశాడనడానికి లేదు, కానీ తలుపు దగ్గరే ఎవర్నీ ఆపలేదు.

అడుగు 4: యమ నియమాలు, నెలకి ఒకటి

అష్టాంగాలు, అంటే యోగానికి ఎనిమిది అంగాలు, మీరు వినే ఉంటారు: యమం (మానుకోవాల్సినవి), నియమం (పాటించాల్సినవి), ఆసనం, ప్రాణాయామం, ప్రత్యాహారం (ఇంద్రియాల్ని లోపలికి మళ్ళించడం), ధారణ (మనసుని ఒకచోట నిలపడం), ధ్యానం, సమాధి. మనం ఇప్పుడు క్లాసులో తిన్నగా మూడోదాంట్లోకి దిగిపోతున్నాం. తప్పేం లేదు, ఎటు నించి వచ్చినా వచ్చారు, కానీ మొదటి రెండూ లేకపోతే మిగతావి నిలబడవు.

యమాలు ఐదు, అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం. ఇవే ఐదూ జైనుల వ్రతాలు కూడా, పేర్లతో సహా. ఆ కాలంలో యోగులూ జైనులూ బౌద్ధులూ ఒకే గాలి పీల్చారు, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు, మన కృష్ణా తీరంలో అమరావతి, నాగార్జునకొండ చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

మొదటి నెల అహింస పట్టుకోండి. మిగతా యమనియమాలన్నింటికీ వేరు అదేనని వ్యాసభాష్యం చెప్తుంది. చీమని చంపకపోవడం సంగతి పక్కన పెట్టి ఇంట్లో మన గొంతు ఎలా ఉంది అన్నది చూసుకోండి, ఆఫీసులో అందరితో మెత్తగా మాట్లాడి ఇంటికొచ్చి అమ్మ మీద విసుక్కోవడం, పనమ్మాయి ఒక్కరోజు రాకపోతే మనం అనే మాటలు, అవి. మ్యాట్ మీద కూడా అంతే, పక్కవాళ్ళకి పద్మాసనం పడిందని మోకాలు నొప్పెడుతున్నా లాగి లాగి వేయడం మన ఒంటి మీద మనం చేసే హింస. నేనలా చేసే మోకాలు పాడుచేసుకున్నాను, ఆర్నెల్లు కింద కూర్చోలేకపోయాను.

రెండో నెల సత్యం. ఇంట్లో సోఫాలో కూర్చుని "ఆ, బయల్దేరిపోయా, దార్లో ఉన్నా" అనే మాట మానేసి చూడండి, నెల రోజులు. ఎంత కష్టమో తెలుస్తుంది. అయితే సత్యం అహింస తర్వాత వచ్చింది, ఎదుటివాళ్ళని గాయపరచడానికే చెప్పే నిజం ఇక్కడ సత్యం కిందకి రాదు.

అస్తేయం అంటే దొంగతనం చెయ్యకపోవడం, వస్తువులే కాదు, ఇంకొకళ్ళ టైము కూడా, వాళ్ళు చేసిన పనికి మనం పేరు కొట్టేయడం కూడా. అపరిగ్రహం అంటే అవసరానికి మించి పోగెయ్యకపోవడం, దానికి బీరువా తెరిస్తే చాలు. బ్రహ్మచర్యం దగ్గర సంసారులు కంగారుపడతారు, గృహస్థుకి దాన్ని హద్దులో ఉండటం, భార్యాభర్తలు ఒకరికొకరు కట్టుబడి ఉండటం అని చెప్పే పెద్దలున్నారు, నేను ఆ మాటే తీసుకున్నాను.

నియమాలు కూడా ఐదు: శౌచం, సంతోషం, తపస్సు, స్వాధ్యాయం (శాస్త్రం చదువుకోవడం), ఈశ్వరప్రణిధానం. ఇక్కడ సంతోషం అంటే పండగనాటి ఆనందం కాదు, ఉన్నదాంతో తృప్తి. శౌచం పైపైన ఆగిపోకూడదని మనకి వేమన ఎప్పుడో చెప్పాడు, చిత్తశుద్ధి లేని శివపూజలేలరా అని. పతంజలి మొత్తం చిత్తం గురించే మాట్లాడాడు, వేమన అదే మాటని వంటింటి గిన్నె పోలికతో పిల్లలకి కూడా అందేలా చెప్పాడు.

మనసు ఎదురుతిరిగితే ఏం చెయ్యాలో కూడా ఉంది, "వితర్కబాధనే ప్రతిపక్షభావనమ్". చెడు ఆలోచన లాగుతుంటే దాన్ని తిట్టుకుంటూ కూర్చోకుండా, ఇది నన్నెక్కడికి తీసుకెళ్తుంది, ఎవరికి దుఃఖం అని ఎదురువైపు నించి ఆలోచించడం. ఇంకొకటి, సుఖంగా ఉన్నవాళ్ళతో స్నేహభావం, దుఃఖంలో ఉన్నవాళ్ళ మీద కరుణ, మంచి చేసేవాళ్ళని చూసి సంతోషం, చెడు చేసేవాళ్ళ పట్ల ఉపేక్ష, ఈ నాలుగింటితో చిత్తం తేటపడుతుందన్నాడు. బౌద్ధులు బ్రహ్మవిహారాలు అనేవి ఇవే. పక్కింటివాళ్ళు కొత్త కారు కొన్నప్పుడు మొదటిది ప్రయత్నించండి, మనసు ఎంత మొరాయిస్తుందో అప్పుడు తెలుస్తుంది.

అడుగు 5: ఇప్పుడు మళ్ళీ మ్యాట్ మీదకి

పతంజలి ఆసనం గురించి చెప్పింది మూడే మూడు సూత్రాలు. "స్థిరసుఖమాసనమ్", కదలకుండా ఉండాలి, సుఖంగా ఉండాలి. తర్వాత సూత్రంలో ప్రయత్నాన్ని సడలించమన్నాడు, మూడోదాంట్లో అప్పుడు చలీ వేడీ లాంటి ద్వంద్వాలు బాధించవన్నాడు. రేపు క్లాసులో ప్రతి ఆసనంలోనూ రెండు ప్రశ్నలు వేసుకోండి, నిలకడగా ఉన్నానా, సుఖంగా ఉన్నానా. ఊపిరి బిగబట్టేశారంటే రెండోది లేనట్టే, కాస్త వెనక్కి రండి.

మరి ఇన్ని ఆసనాలు ఎక్కడివి అంటే, అవి చాలావరకు హఠయోగం, అంటే ఒంటినీ ఊపిరినీ పట్టుకుని చేసే సాధన, నించి వచ్చాయి. మత్స్యేంద్రనాథుడు, గోరక్షనాథుడు, వాళ్ళ నాథయోగుల సంప్రదాయం. సుమారు 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు కూర్చిన హఠయోగ ప్రదీపికలో వివరంగా ఉన్నవి 15 ఆసనాలే, తర్వాత వచ్చిన ఘేరండ సంహితలో 32. మనకి ఇక్కడ గట్టి చుట్టరికం ఉంది, శ్రీశైలం సిద్ధుల కొండ, ఆ 15వ శతాబ్దంలోనే గౌరన శ్రీశైలం మఠం వాళ్ళు అడిగితే నాథయోగుల కథల్ని నవనాథ చరిత్రగా తెలుగు ద్విపదలో రాశాడు. తెలుగువాళ్ళకి నాథులు బయటివాళ్ళు కాదు.

ఇవాళ మనం చేసే పద్ధతి, నిలబడి చేసే ఆసనాల వరసలు, ఇదంతా చాలావరకు 20వ శతాబ్దంలో రూపుదిద్దుకుంది. 1930లలో మైసూరు మహారాజు ఆదరణలో తిరుమలై కృష్ణమాచార్య నడిపిన యోగశాల నించి బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్ లాంటివాళ్ళు వచ్చి ప్రపంచమంతా పట్టుకెళ్ళారు. సూర్యనమస్కారాలు కూడా ఇలా వరస భంగిమల వ్యాయామంగా ప్రచారం పొందింది మహారాష్ట్రలో ఔంధ్ సంస్థానం రాజా వల్ల, 1920లలో. మన ఇళ్ళల్లో అరుణం అనే వేదభాగం చదువుతూ చేసే సూర్యనమస్కారాలు వేరే, అవి వైదికం. ఇది చెప్తే కొంతమందికి కష్టంగా ఉంటుంది, "ఐదువేల ఏళ్ళనాటి ఆసనం కాదా ఇది" అని. కొత్తగా వచ్చినంత మాత్రాన దాని విలువ తగ్గదండీ, చెట్టు బతికుంటేనే కదా కొత్త కొమ్మ వేసేది, కానీ ఏ కొమ్మ ఎప్పటిదో నిజం తెలుసుకుని చెయ్యడం కూడా సత్యమే.

హఠయోగ ప్రదీపిక మొదటి శ్లోకంలోనే హఠవిద్య రాజయోగానికి, అంటే ఇక్కడ సమాధి వైపు సాగే యోగానికి, ఎక్కే మెట్లు అని ఉంది. మెట్ల మీదే ఉండిపోకూడదని ఆ పుస్తకమే చెప్తోంది.

అడుగు 6: ప్రాణాయామం, చక్రాలు, ఇక్కడ నెమ్మది

సింహాన్ని, ఏనుగుని, పులిని ఎలా మెల్లమెల్లగా మచ్చిక చేసుకుంటారో ప్రాణాన్నీ అలాగే చెయ్యాలి, లేకపోతే చేసేవాణ్ణే చంపుతుంది అని ప్రదీపిక హెచ్చరించింది. కాబట్టి యూట్యూబ్ చూసి కుంభకాలు (ఊపిరి బిగబట్టడాలు), గంటలసేపు భస్త్రికలు (కొలిమి తిత్తిలా వేగంగా ఊపిరి ఊదడాలు) మొదలుపెట్టొద్దు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా ఊపిరి బిగబట్టే పని అస్సలు చెయ్యకండి. మొదటి మూడు నెలలు తేలిగ్గా పీల్చి వదులుతూ దాన్ని గమనించడం చాలు.

చక్రాలు, కుండలిని అనగానే అందరికీ ఆసక్తి. మనకి కక్కయ్య కథ తెలుసు కదా, పోతులూరి వీరబ్రహ్మంగారు శిష్యుడు సిద్ధయ్యకి దేహంలో చక్రాలు, వాటిలో దేవతల గురించి చెప్తుంటే చాటుగా విని, నిజంగానే ఉన్నారేమో చూద్దామని ఇంటికెళ్ళి నిద్రపోతున్న భార్యని కోసేశాడు. స్వామి ఆమెని మళ్ళీ బతికించారని కథ చెప్తుంది. చక్రాలు కోసి చూస్తే కనపడే అవయవాలు కాదు, ధ్యానంలో మనసుని నిలపడానికి పెద్దలిచ్చిన స్థానాలు, గురువు పక్కన లేకుండా సగం విన్న మాట ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ నాకు తెలీదు.

అడుగు 7: చదవడం, గురువు

చదివే వరస నా సలహా: ముందు గీత ఆరో అధ్యాయం, తర్వాత కఠోపనిషత్తులో శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి అనే భాగం, ఆ తర్వాత యోగసూత్రాల్లో మొదటి రెండు పాదాలు తెలుగు తాత్పర్యంతో, ప్రదీపిక ఆఖర్న. సిద్ధులు, అంటే అతీత శక్తుల, గురించి ఉన్న విభూతి పాదం ముందే తెరవకండి, ఆ శక్తులు సమాధికి అడ్డంకులని పతంజలే అక్కడ అన్నాడు.

గురువు విషయంలో నేను చూసేవి మూడు. ప్రశ్న అడిగితే విసుక్కుంటారా, "నాకు తెలీదు" అనగలరా, నొప్పి అని చెప్తే ఆపుతారా. నెల రోజుల్లో అన్ని జబ్బులూ పోతాయి, మందులు ఆపెయ్యండి అన్నవాళ్ళ దగ్గర నించి అదే రోజు వచ్చేయండి.

మధ్యలో ఆగిపోతే

ఆగిపోతారు, అందరూ ఆగిపోతారు. పతంజలి తొమ్మిది అంతరాయాల్ని పేరుపేరునా రాశాడు: జబ్బు, మనసు మొద్దుబారడం, సందేహం, పరాకు, బద్ధకం, విషయాల మీద యావ తగ్గకపోవడం, భ్రమ, ఎంత చేసినా మెట్టు అందకపోవడం, అందినా నిలవకపోవడం. మీకొచ్చింది ఏదో నోట్‌బుక్‌లో రాసుకోండి, పేరు పెట్టగానే సగం బరువు దిగుతుంది. వీటికి ఆయన చెప్పిన మందు ఒకే తత్వాన్ని పట్టుకుని అభ్యాసం చెయ్యడం, అంటే ఇది కుదర్లేదని ఇంకో క్లాసుకి, ఇంకో పుస్తకానికి పరిగెత్తకుండా ఉన్నదాన్నే చెయ్యడం. పెళ్ళిళ్ళనో పరీక్షలనో ఊరెళ్ళి నోట్‌బుక్ ఇరవై రోజులు ఖాళీగా ఉండిపోతే ఆ పేజీలు నింపడానికి కూర్చోకండి, ఆ రోజు తేదీ వేసి మూడు సంగతులు రాసి పడుకోండి.